చింతచెట్టు కొలత, రంపం కొలత

పర్లాకిమిడి, జనవరి 8

2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను మా పెరటి చింతచెట్టును సగం వేళ్లతో పైకి లేపి వదిలేసింది. అది ఏటికేడు ఎండుతూ వచ్చి, ఇప్పుడు పశువుల పాక వైపు ఒరిగి ఉంది. ఈ ఉదయం టేపు తీసుకుని మొదలు చుట్టూ కొలిస్తే 75 అంగుళాలు వచ్చింది, 3.14తో భాగిస్తే వ్యాసం దాదాపు 24 అంగుళాలు.

గుణుపురం నుంచి వచ్చిన మా బావ ఆ అంకె వినగానే, గొలుసు తిరిగే పట్టీ, అంటే బార్, 22 అంగుళాలు, ఇంజను 58 సీసీ ఉన్న చైన్ రంపం తప్ప మరేది కొన్నా పనికిరాదని తేల్చేశారు. మాను వ్యాసం కంటే బార్ రెండంగుళాలైనా ఎక్కువ ఉంటేనే ఒక్క వైపు నుంచి కోయవచ్చు, ఆ లెక్కన 22 అంగుళాలది కూడా చాలదు. అయినా లావు మానుకు పొడవైన బార్ సులువు కనుక ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అయితే రెండు వైపుల నుంచీ కోస్తే బార్ కంటే లావైన దుంగ కూడా తెగుతుంది. పైగా వేళ్లు లేచి, పాక మీదికి ఒరిగిన చెట్టును పడగొట్టడం కొత్తగా రంపం పట్టిన మా చేతుల పని కాదు. దానిని అలవాటైన కోత కూలీలే తమ రంపంతో పడగొడతారు. మాకు మిగిలేది దుంగలను ముక్కలు చేయడం మాత్రమే.

అందుకని బావను పెరట్లోని కట్టెల కుప్ప దగ్గరికి తీసుకువెళ్లాను. జీడిమామిడి కొమ్మలు, నీలగిరి మొద్దులు కలిపి ఏడాది పొడవునా మేము కోసేవాటిలో 10 అంగుళాలు దాటినవి అరుదు. నేల మీద పరచి కోసేటప్పుడు పొడవైన బార్ మొన మట్టిలో దిగబడి, రాయి తగిలి, గొలుసు పళ్లు మొద్దుబారిపోతాయి. అంతకంటే భయపెట్టేది, మొన పై భాగం పక్క దుంగకు తగిలినప్పుడు రంపం ఒక్కసారిగా మనిషి మీదికి ఎగరడం. బరువు సంగతి సరేసరి. ఆ విషయంలో మాత్రం నడుంనొప్పి ఉన్న బావ వెంటనే ఒప్పుకున్నారు.

కొట్టులో 16 అంగుళాలది కూడా చూశాను. కొమ్మలకు అది చాలు. కానీ ఎండిన చింత చేవకు ఇంజనులో బలం కావాలి. చివరకు 50 సీసీ ఇంజను, 18 అంగుళాల బార్ ఉన్నది తీసుకున్నాను. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు కలపాలని యజమాని ఒడియాలో రెండుసార్లు చెప్పాడు, నేను సీసా మీద గీత కూడా గీసుకున్నాను. గొలుసుకు వేసే నూనె కొనడం మాత్రం ఇద్దరమూ మరిచిపోయాము. అందువల్ల రంపం ఈ రాత్రికి అట్టపెట్టెలోనే ఉంది, భోగి కట్టెలను అమ్మ పాత గొడ్డలితోనే కొట్టించింది.