42 లోంచి 17 తీస్తే 35

"సాఫ్ట్‌వేర్ వదిలేసి పంతులమ్మవయ్యావంట, ఎందుకమ్మా?" పెళ్లిళ్లలో కలిసిన చుట్టాలు ఇప్పటికీ అడుగుతుంటారు. "తృప్తి కోసం" అంటే వాళ్లకు చాలు. నాకే ఆ మాట ఆనదు. మాదాపూర్‌లో చేసిన టెస్టింగ్ పని కూడా నాకు ఇష్టమే. తప్పు ఎక్కడుందో పట్టుకుని, అదే తప్పును మళ్లీ రప్పించి చూపించడంలో ఉండే మజానే వేరు. విసుగొచ్చింది ఆ తర్వాత జరిగే దానికి. రిలీజ్ దగ్గరపడింది, నెక్స్ట్ వెర్షన్‌లో చూద్దాం అనేవారు. ఆ వెర్షన్ వచ్చేసరికి ఆ స్క్రీనే తీసేసేవారు.

ధైర్యం చేశావు అంటారు గానీ, ఇంటి లోను తీరేదాకా నేను కదల్లేదు. 2015 నుంచి బీఈడీ రెండేళ్లు. హాజరు కావాలి, ఉద్యోగం చేస్తూ కుదరదు. ఆ రెండేళ్లూ, తర్వాత సర్కారు టీచర్ పోస్టుల పరీక్ష డీఎస్సీ కోసం చూసిన కాలమూ మా ఆయన జీతం మీదే నడిచింది. నాకన్నా బాగా చిన్నవాళ్ల పక్కన కూర్చుని పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పిన పియాజే, వైగోట్‌స్కీల సిద్ధాంతాలు బట్టీ పట్టాను. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే, హైస్కూల్లో సబ్జెక్టులు చెప్పే స్కూల్ అసిస్టెంట్లవి అన్ని సబ్జెక్టులూ కలిపి 2,629. 160 బిట్లకు 80 మార్కులు, టీచర్ అర్హత పరీక్ష టెట్ వెయిటేజీ 20. అర మార్కు తేడాతో ఎంతమంది కిందికి జారిపోతారో రాసినవాళ్లకే తెలుసు. మూలవేతనం 42,300. పాత జీతంతో పోల్చడం మా అత్తయ్య ఈమధ్యే మానేశారు.

ఇక ఆరో తరగతి. ఒకడు 42 లోంచి 17 తీసి 35 అని రాశాడు. పాత బుద్ధి ఊరుకోదు కదా, వెంటనే 61 లోంచి 38 ఇచ్చాను. లోపల మాత్రం 37 అని రాసి పెట్టుకున్నాను. సరిగ్గా 37 వచ్చింది! బగ్, అంటే మా టెస్టింగ్ భాషలో తప్పు, దొరికిందన్నమాట.

"ఎట్ల చేసినవ్ రా?"

"రెండుల నుంచి ఏడు పోదు కద మేడం. అందుకే ఏడుల నుంచి రెండు తీసిన."

వాడికి లెక్కలు రావనడానికి లేదు. వాడి దగ్గర ఒక సూత్రం ఉంది, దాన్ని ఎక్కడా తప్పకుండా పాటిస్తున్నాడు. "అప్పు తెచ్చుకో" అని చెప్పినవాళ్లు ఎవరి దగ్గర, ఎందుకు తెచ్చుకోవాలో చెప్పి ఉండరు. పది పుల్లల కట్టలు నాలుగు, విడి పుల్లలు రెండు ముందుపెట్టి పదిహేడు ఇమ్మన్నాను. ఒక కట్ట ఇచ్చాడు. రెండు పుల్లల వంక కాసేపు చూసి, "ఇంకో కట్ట ఇప్పొచ్చా మేడం?" అన్నాడు. ఆ బగ్ ఆ పూటే క్లోజ్ అయింది. నెక్స్ట్ వెర్షన్ దాకా ఆగే పని లేదు.

అన్నీ ఇలా తేలవు. ఏడో తరగతిలో 0.15, 0.4లలో ఏది పెద్దదంటే సగం మంది 0.15 అనే అంటున్నారు, నాలుగు కన్నా పదిహేను పెద్దది కాబట్టి. పైసల్లో చెబుదామంటే ఈ పిల్లలు పైసలే చూడలేదు. రేపు మీటరు టేపు తీసుకెళ్తున్నాను. మీ దగ్గర ఇంతకన్నా మంచి ఉపాయం ఉంటే చెప్పండి.