గోల్డ్ త్రీలోనే మూడు నెలలు

వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లో మూడు నెలలుగా గోల్డ్ త్రీ ర్యాంకు దాటలేదు. ఓడిన ప్రతిసారీ తప్పు టీమ్‌దే అనేవాడిని. మొన్న శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతుంటే బావ అడిగాడు: "మైక్‌లో తిట్లు తప్ప, అవతలోడు ఎక్కడున్నాడో ఒక్కసారైనా చెప్పావేటి?" (టీ డబ్బులూ నాతోనే కట్టించాడు.)

ఇంటికెళ్లి ఓడిన ఒక మ్యాచ్ రికార్డింగ్ చూశాను. 12-9 ఆధిక్యం. ఇంకొక్క రౌండ్ చాలు. స్పైక్ (గేమ్‌లో బాంబు) పెట్టేశాం, పేలడానికి 45 సెకన్లు. దాక్కుంటే అవతలి టీమే దాన్ని తీయడానికి రావాలి, తీయడానికి 7 సెకన్లు పడుతుంది. నేనేమో ఇంకో కిల్ కోసం మూల దాటి ఉరికాను. చచ్చాను. వరసగా ఐదు రౌండ్లు పోయాయి, 12-14. ఐదింట్లోనూ ముందు పోయింది నేనే!

నిన్న రెండాడాను. ఒకటి గెలిచాం. రెండోది ఓడినా ఎవర్నీ తిట్టలేదు, నాలుక కరుచుకుని కూర్చున్నాను.