కొలిచినావా, రాసినావా?

1974లో బీఎస్సీ ఎం.పి.సి.లో చేరడానికి మా నాయనతో కలిసి అనంతపురం గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీకి వచ్చాను. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. అవి విత్తనం వేసే రోజులు. చీకటి పడేలోపు ఊరు చేరాలని నాయన తొందరపడ్డాడు. ఫీజు కట్టి, నా చేతిలో ఇరవై రూపాయలు పెట్టి, గడియార స్తంభం దాకా నాతో నడిచి బస్సెక్కాడు. ఇది 1916లో దత్తమండల కళాశాలగా మొదలైందనీ, నీలం సంజీవరెడ్డి ఇక్కడే చదివారనీ, మన సీమకు 'రాయలసీమ' అన్న పేరు పెట్టిన చిలుకూరి నారాయణరావు ఇక్కడే పాఠాలు చెప్పారనీ తర్వాత సీనియర్లు గొప్పగా చెప్పేవారు. నాకు మాత్రం కాలేజీ అనగానే ఈ రోజుకీ గుర్తొచ్చేది ఫిజిక్స్ ల్యాబే. చీకటి గదిలో సోడియం ల్యాంపు పసుపు వెలుగు, న్యూటన్ రింగులు, స్పిరిట్ వాసన, చేతికి చల్లగా తగిలే ట్రావెలింగ్ మైక్రోస్కోపు.

రెండో సంవత్సరంలో నాకు డిసాటీ బ్రిడ్జి ప్రయోగం వచ్చింది. కెపాసిటర్ అంటే విద్యుత్ ఛార్జిని నిల్వ చేసే భాగం. అలాంటివి రెండింటిని పోల్చే సర్క్యూట్ ఈ బ్రిడ్జి. బ్రిడ్జి రెండు భుజాల్లో కెపాసిటర్లు, మిగతా రెండు భుజాల్లో రెసిస్టెన్స్ బాక్సులు, మధ్యలో హెడ్‌ఫోన్. నిరోధం మారుస్తూ పోతే చెవిలో గుయ్యిమనే శబ్దం తగ్గుతూ వచ్చి ఒకచోట దాదాపు ఆగిపోతుంది. ఆ చోటు దాటితే మళ్లీ పెరుగుతుంది. ఆగిన చోటును పట్టుకోవాలి. పక్కన పది మంది మాట్లాడుతుంటే అది దొరకదు. నేను రెండు రీడింగులు నిజంగా తీసి, మిగతా ఆరూ లెక్కగట్టి టేబుల్‌లో నింపేశాను.

సార్ రికార్డు చూశారు. కోపం లేదు, గొంతు పెంచలేదు. "ఎనిమిదీ ఇంత చక్కగా వచ్చినాయే. కొలిచినావా, రాసినావా?" అన్నారు.

నేను తల వంచుకున్నాను. అందరూ వెళ్లిపోయాక ఆయన కిటికీలు మూసి, నన్ను మళ్లీ కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ తగిలించారు. ఎనిమిది రీడింగులూ అయ్యేసరికి సాయంత్రం ఆరు దాటింది. ఈసారి అవి అటూ ఇటూ నాలుగైదు ఓములు చెదిరాయి. ఆ చెదిరిన అంకెల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఈ తేడా ఉందే, అది నీ చెవి, ఈ గది, ఈ పెట్టె. దీన్ని దాచిపెడితే ఇంక నీకు ఏం తెలుస్తాది?" అన్నారు. ఇంటికి వెళ్లాల్సిన మనిషి, ఒక్క పిల్లవాడి కోసం అంతసేపు కూర్చున్నారు. ఆ రుణం తీర్చగలిగేది కాదు.

తర్వాత తిరుపతిలో ఎస్.వి. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. స్ఫటికాల డైఎలక్ట్రిక్ కొలతల మీద పనిచేశాను. 1985లో బెంగళూరులో కొలత పరికరాలు చేసే ఒక కంపెనీ ఆర్ అండ్ డి (పరిశోధన, అభివృద్ధి) విభాగంలో చేరాను. లెక్చరర్ ఉద్యోగం వదిలేసి ఫ్యాక్టరీకి ఎందుకని బంధువులంతా అడిగారు. పరికరం తయారుచేసి జనం చేతిలో పెట్టాలన్నదే నా కోరిక. దానికి ఇంతకు మించిన జవాబు నా దగ్గర అప్పుడు లేదు.

కంపెనీ నాకు అప్పగించిన మొదటి పని వేరుశనగ పప్పులో తేమ కొలిచే మీటరు. అది నా చేతికే రావడం నా అదృష్టం. పీకినప్పుడు బుడ్డల్లో, అంటే వేరుశనగ కాయల్లో, తేమ 35, 40 శాతం దాకా ఉంటుంది. నిల్వ చేయాలంటే 8 శాతం దగ్గరికి ఎండాలి. ఎండకపోతే బూజు పడుతుంది, అందులో ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం దాణాలో కలిసిన వేరుశనగ పిండి అని తేలింది. ఆ విషానికి ఆ తర్వాతే ఆ పేరు వచ్చింది. మన ఊళ్లలో ఎండిందో లేదో తెలుసుకునే పద్ధతి అందరికీ తెలిసిందే. బుడ్డను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గింజ గలగలమనాలి. వ్యాపారి చెవికి ఒకలా, రైతు చెవికి ఒకలా వినిపిస్తుంది కాబట్టే మార్కెట్ యార్డులో గొడవలు.

మీటరు వెనక ఉన్న సూత్రం మా డిసాటీ బ్రిడ్జిదే. ఒక ఇత్తడి గిన్నె, దాని నడుమ ఇంకో ఇత్తడి గొట్టం. రెండూ కలిస్తే ఒక కెపాసిటర్. మధ్యలో పప్పు పోస్తే కెపాసిటెన్స్, అంటే అది పట్టి ఉంచే ఛార్జి, పెరుగుతుంది. మధ్యలో ఒక పదార్థాన్ని నింపితే కెపాసిటెన్స్ ఎన్ని రెట్లు అవుతుందో చెప్పే అంకెను డైఎలక్ట్రిక్ స్థిరాంకం అంటారు. నూనెకు అది 3 దగ్గర ఉంటుంది, నీటికి 80 దగ్గర. అందుకే పప్పులో నీళ్లు కొంచెం పెరిగినా యంత్రం పసిగడుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో అయితే గింజలోని లవణాల వల్ల కరెంటు లీకై రీడింగు చెడుతుంది, కాబట్టి మెగాహెర్ట్జ్‌లో నడపాలి. సరైన జవాబు తెలియడానికి పప్పును తూచి, 103 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి, మళ్లీ తూచి చూసేవాళ్లం. ఏడాదిలో ప్రోటోటైప్ (మొదటి నమూనా) తయారైంది. బెంగళూరు ల్యాబ్‌లో ఓవెన్‌కూ మీటరుకూ తేడా అర శాతం దాటలేదు.

1987 ఏప్రిల్‌లో, బోర్ల కింద పంట వచ్చే కాలంలో, రెండు యంత్రాలు తీసుకుని మన జిల్లాలో ఒక యార్డుకు వెళ్లాను. పొద్దున అంతా బాగుంది. మధ్యాహ్నం రెండు గంటలకు గుమస్తా వచ్చి, "సార్, మీ మిషన్ పొద్దున ఎనిమిది అన్యాది, ఇప్పుడు పదిన్నర అంటాంది. అవే బుడ్డలు. మేం ఏది నమ్మాల?" అన్నాడు. అతనే ఒలిచి మళ్లీ పోశాడు. మళ్లీ పదిన్నరే. రేకుల షెడ్డు కింద నలభై డిగ్రీలు దాటింది. నాకు కాళ్లు వణికాయి. ఆ టెన్షన్‌లో చేసేదేమీ లేక, వేడిలో ఏ అంకె వస్తే అది, గంట గంటకీ నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చున్నాను.

బెంగళూరు తిరిగొచ్చే బస్సులో ఆ అంకెలే చూస్తూ వచ్చాను. తప్పు ఎక్కడుందో పెనుకొండ దాటేసరికి అర్థమైంది. ఉష్ణోగ్రత కోసం నేను సర్క్యూట్‌లో వేడిని బట్టి నిరోధం మారే థర్మిస్టర్ ఒకటి పెట్టాను. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 20 డిగ్రీల దగ్గర 80, 40 డిగ్రీల దగ్గర 73. అంటే వేడికి రీడింగు తగ్గుతుంది కాబట్టి తగ్గినంతా కలపాలని పుస్తకం చూసి లెక్కవేసి, కలిపేలా అమర్చాను. సర్క్యూట్‌ను వేడిలో పరీక్షించాను గానీ పప్పును వేడిచేసి చూడలేదు. మా ల్యాబ్ ఏడాది పొడుగునా 25 డిగ్రీలే. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ అదే పని చేశాను. రాశాను, కొలవలేదు.

మర్నాడు పప్పును గాజు సీసాల్లో పోసి, తేమ బయటికి పోకుండా మూతలు బిగించి, కొన్ని ఫ్రిజ్‌లో, కొన్ని గదిలో, కొన్ని నలభై డిగ్రీల ఓవెన్‌లో పెట్టాం. గింజ లోపలి దాకా వేడి సర్దుకునే వరకు ఆగి, ఒక్కొక్కటే కొలిచాం. గ్రాఫు కిందికి దిగలేదు, పైకి పోయింది. పుస్తకంలో చెప్పింది గ్లాసులోని నీటి సంగతి. ఎండిన గింజలో ఉన్న కాస్త నీరు మాంసకృత్తులకూ పిండి పదార్థానికీ అంటిపెట్టుకుని ఉంటుంది, విద్యుత్ క్షేత్రం మారినంత వేగంగా తిరగలేదు. వేడెక్కితే ఆ పట్టు సడలి, అణువులు తేలిగ్గా తిరుగుతాయి, రీడింగు పెరుగుతుంది. నేను తీసేయాల్సింది కలిపాను, అందుకే యార్డులో తప్పు రెట్టింపైంది. సవరణ పట్టిక అంతా మళ్లీ కొలిచి, ఆ పట్టికను దాచుకునే ఈప్రామ్ చిప్పును అల్ట్రావయొలెట్ ల్యాంపు కింద చెరిపి, కొత్త అంకెలు ఎక్కించాం. నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నాకు అత్యంత సంతోషం కలిగించిన వారం అదే.

అసలు కష్టం దాని తర్వాత మొదలైంది. ఒక్క యంత్రం పనిచేయడం వేరు, రెండు వందల యంత్రాలు ఒకే మాట చెప్పడం వేరు. వానాకాలంలో రీడింగులు కదిలాయి. చూస్తే గిన్నెకీ గొట్టానికీ మధ్య ఉన్న బేకలైట్ ముక్క గాలిలోని తేమను పీల్చుకుంటోంది. దాన్ని తీసేసి టెఫ్లాన్ పెట్టాం, ఖర్చు పెరిగింది. నడుమ గొట్టం వెంట్రుకవాసి పక్కకు ఉంటే ఆ యంత్రం లెక్కే మారిపోయేది. మా వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసే పెద్దాయన డ్రాయింగు చూసి, "రెండుసార్లు బిగిస్తే సెంటర్ పోతాది సార్, ఒకే సెట్టింగులో తిప్పుదాం" అన్నారు. నేను నెలరోజులు తల పట్టుకున్న సమస్య ఆ ఒక్క మాటతో తీరింది. డ్రాయింగు మీద ఆయన పేరు కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. ఒకరు పప్పును గుప్పిటతో ఒత్తి పోస్తారు, ఇంకొకరు వదులుగా పోస్తారు. అందుకని తూకం వేసిన పప్పు ఒకే ఎత్తు నుంచి తనంతట తానే జారిపడేలా గరాటు పెట్టాం. పరిశోధన అంటే ఇవన్నీ కాదని కొందరు పాత మిత్రులు అనేవారు. నా దృష్టిలో ఇవే పరిశోధన.

ఒక్కటి మాత్రం పూర్తిగా సాధించలేకపోయాం. కాయలు కొట్టే మిల్లుల్లో పప్పు విరగకుండా ముందుగా బుడ్డల మీద నీళ్లు చల్లుతారు. అప్పుడే తడిసిన పప్పులో నీరు పైపొరలోనే ఉంటుంది. అది లోపలికి ఇంకేదాకా ఏ కెపాసిటర్ మీటరూ నిజం చెప్పలేదు. యంత్రం మూత మీద "తడిపిన సరుకును వెంటనే కొలవరాదు" అని తెలుగులో, కన్నడంలో అచ్చు వేయించడం తప్ప మేం చేయగలిగింది లేకపోయింది.

1988 డిసెంబరులో ఒక యంత్రాన్ని మా కళ్లంలోకి తీసుకెళ్లాను. నాయన గుప్పెడు బుడ్డలు తీసి చెవి దగ్గర ఊపి, "ఇంకా రెండెండలు తగలాల" అన్నాడు. ఒలిచి పోశాను. 10.2 వచ్చింది. రెండు రోజుల తర్వాత 8.6. నాయన యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇది అంకె చూపించేది షావుకారు దిక్కే గదరా. నాకెట్ల కనపడాల?" అని అడిగాడు. డిస్‌ప్లే ముందు వైపు ఉంది. యార్డులో కొనేవాడు యంత్రం ముందు కూర్చుంటాడు, అమ్మేవాడు ఎదురుగా నిలబడతాడు. మూడేళ్లలో మా ఆర్ అండ్ డిలో ఎవరికీ, నాతో సహా, ఆ ప్రశ్న రాలేదు. తర్వాతి బ్యాచ్‌లో అంకెను ఇద్దరికీ కనిపించేలా పైమూత మీదకు మార్చాం.

తర్వాత లోడ్ సెల్స్, ప్రెషర్ ట్రాన్స్‌డ్యూసర్లు, ఇంకా చాలా చేశాను. 2015లో రిటైరయ్యాను. మన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌కు ఇవ్వాలని ఆ మొదటి ప్రోటోటైప్‌ను ఇన్నాళ్లూ దాచుకున్నాను. మన కాలేజీ పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చేటప్పుడు దాన్ని, దానితోపాటు 1987 నోట్‌బుక్‌ను తెస్తాను. యార్డులో మధ్యాహ్నం రాసుకున్న అంకెలు అందులో అలాగే ఉన్నాయి, పక్కన నా తప్పు గుర్తుతో సహా. యంత్రానికి కొత్త బ్యాటరీ వేయించాను. పిల్లలు కొలిచి చూడటానికి పప్పు కావాలంటే మా చేనిదే తెస్తాను.