దేవరకొండలో కోయించిన 5 మిల్లీమీటర్లు

ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు మీద బండి తోలడమంటే నాకు ప్రాణం. ఆ రోజు మాత్రం రెండు చేతులతో స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకుని, భుజాలు బిగబట్టి కూర్చున్నాను. వేగం 60 దాటితే చాలు, నా మారుతి జిప్సీ జీపు ఎడమకి జారేది. సరిచేస్తే కుడికి పోయేది. ఎదురుగా లారీ వచ్చి దాటిందంటే ఆ గాలికే అడుగు పక్కకి జరిగేది. మాల్ దాకా ఓర్చుకున్న మా బామ్మర్ది ఇక ఉండబట్టలేక, "బావా, జర మెల్లగ పో. నాకు భయమైతుంది" అన్నాడు. నాకూ భయంగానే ఉంది. మేం పోవాల్సింది డిండి మీదుగా మన్ననూరుకి, అక్కడి నుంచి నల్లమల ఘాట్ దిగి శ్రీశైలానికి. ఈ బండితో ఆ మలుపులు ఎలా దిగాలన్నదే నా టెన్షన్.

నాలుగు నెలల కింద ఈ జిప్సీని 2 అంగుళాలు లేపించాను. చందంపేట వైపు రాళ్ల బాటల్లో కింద తగలకుండా పోవాలని చాలా ఏళ్లుగా కోరిక. లిఫ్ట్ చేసినవాళ్లు ముందు కమాన్ పట్టీలకు పొడుగు షాకిళ్లు (పట్టీ కొసని ఛాసీకి కలిపే ఊగే లింకులు) వేసి, 205 టైర్లు తీసేసి 235/75 వెడల్పు టైర్లు ఎక్కించారు. చూడ్డానికి బండి పులిలా ఉంది. తోలితే మాత్రం రోడ్డు పట్టుకోవట్లేదు. అప్పటి నుంచి ఎవరేం చెబితే అది చేయించాను. స్టీరింగ్‌ని చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు మార్పించాను, కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేయించాను, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. ఒకచోట స్టీరింగ్ బాక్సు మీది స్క్రూ కూడా బిగించి పంపారు. అందరూ చివరికి చెప్పింది ఒకటే: "లిఫ్ట్ చేసిన బండి ఇట్లనే ఉంటుంది సార్." ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఇంత ఇష్టపడి చేయించుకున్న బండి, పిల్లల్ని ఎక్కించుకోవాలంటేనే జంకు పుట్టేది.

కొండమల్లేపల్లి దగ్గర కుడికి తిరిగి దేవరకొండ చేరేసరికి పదకొండయింది. కొండల మీద ఖిల్లా గోడలు కనిపించే రోడ్డులో, ట్రాక్టర్ ట్రాలీలకు, జీపులకు కమాన్ కట్టలు బాగుచేసే షాపు కనిపించింది. ఆగితే అరవై దాటిన పెద్దాయన బయటికి వచ్చాడు. నేను కథంతా చెప్పబోతే ఆపేసి, "ఫస్టు ఒక రౌండ్ కొట్టుదాం పా" అని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

పక్కసందులో 20 వేగంలో బండిని ఒకవైపు తిప్పి చేతులు వదిలేశాడు. స్టీరింగ్ తిప్పినచోటే ఉండిపోయింది. "చూసినవా తమ్మీ? తిరిగి నడుమకు వస్తలేదు. జాయింట్లు లూజున్న బండి తీరు వేరే ఉంటది, గిది వేరే." నాలుగు నెలల్లో ఒక్కరు కూడా ఈ చిన్న పరీక్ష చేయలేదు.

అయినా జాయింట్లను ఆయన వదిలిపెట్టలేదు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, ఇంజిన్ ఆపి, స్టీరింగ్‌ని కొద్దిగా అటూ ఇటూ ఆడించమన్నాడు. తను కింద పడుకుని ఒక్కో జాయింటు మీద చెయ్యి పెట్టి చూశాడు. ప్లే, అంటే వదులు, ఉంటే కళ్లకన్నా ముందు చేతికే తెలుస్తుందట. తర్వాత చక్రం గాలిలోకి లేపి, పైనా కిందా పట్టుకుని కుదిపాడు. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం ఏ పిన్ను మీద తిరుగుతుందో అదే కింగ్ పిన్; దాని బేరింగులు గట్టిగానే ఉన్నాయి. తప్పు ఒకటి స్టీరింగ్ బాక్సులో దొరికింది. స్క్రూ మరీ బిగించడంతో స్టీరింగ్ నడిమధ్యలో పట్టేస్తోంది. లాక్ నట్టు వదులు చేసి స్క్రూని పావు చుట్టు వెనక్కి తిప్పాడు. ప్లే పోవాలని అతిగా బిగిస్తే బండి ఇంకా ఎక్కువ అటూ ఇటూ పోతుందని నాకు అప్పుడే తెలిసింది.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. బండిని సాపు నేల మీద నిలబెట్టి, నేలని రసమట్టంతో ఒకసారి చూసుకున్నాడు. చక్రాలు తిన్నగా ఉంచి, కింగ్ పిన్ పైమూత మీద నా ఫోన్ పెట్టించి, వాలు కొలిచే యాప్ తెరవమన్నాడు. అర డిగ్రీ చూపించింది. రెండో వైపూ అంతే.

వేపచెట్టుకు ఆనించిన సైకిల్ తెచ్చి చూపించాడు. "ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉందా లేదా? ఆ వాలుంటెనే చేతులిడిసినా సైకిల్ సక్కగ పోతది. నీ బండికి ఆ వాలు పోయింది." ఆ వాలునే క్యాస్టర్ అంటారు. జిప్సీకి ముందు షాకిల్ కమాన్‌కి ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడుగు చేస్తే కమాన్ ముందు కొస కిందికి దిగి, యాక్సిల్ ముందుకి ఒరుగుతుంది. కింగ్ పిన్ నిలువుగా లేచి, చక్రం తనంతట తను నేరుగా రావడం మానేస్తుంది. పైగా షాకిల్ 4 అంగుళాలు పెంచితే బండి లేచేది 2 అంగుళాలే, కాబట్టి అంత పొడుగు షాకిల్ వేసినప్పుడే ఈ వాలు సంగతి చూసుకోవాల్సింది. డ్యాంపర్ ఊపుని మింగుతుంది కానీ వాలుని తేలేదు. మామూలు అలైన్‌మెంట్‌లో టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తేడా, మాత్రమే సరిచేస్తారు.

మందు చిన్నదే. కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు చెక్క పెట్టాలి. చెక్క అంటే ఇనుప ముక్కే. "అల్యూమినియం వద్దు, నలుగుతది" అని పక్కన లేత్ షాపుకి పంపాడు. 100 మిల్లీమీటర్ల పొడవు, వెనక కొసన 3, ముందు కొసన 8 మిల్లీమీటర్ల మందం. ఆ 5 మిల్లీమీటర్ల తేడాకి వాలు దాదాపు 3 డిగ్రీలు. రెండు ముక్కలూ అచ్చంగా ఒకేలా ఉండాలి, లేకపోతే బండి ఒకవైపు గుంజుతుంది. కోసి తెచ్చిన ముక్కలను ఆయన అరచేతిలో ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచుల మీద గోరు నడిపి చూసుకున్నాడు. ఒకదాన్ని మళ్లీ ఆకురాయితో రెండు రుద్దులు రుద్దాడు. ఆ రెండు రుద్దులు చూశాకే ఈయన చేతిలో బండి బాగుపడుతుందని నాకు నమ్మకం కుదిరింది.

మధ్యలో ముక్క మందం చేరింది కాబట్టి కమాన్ పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టులు పొడుగువి వేశాడు. మందం కొస ముందువైపు ఉండేలా పెట్టి, కమాన్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించాడు. ఫోన్ మళ్లీ పెడితే మూడున్నర డిగ్రీల దగ్గర ఆగింది. తాడు పట్టి టో సరిచేశాడు. టైర్లలో 40 దాకా ఉన్న గాలిని 28కి దించాడు. యాక్సిల్ ఒరిగితే దానికి ఇంజిన్ శక్తిని అందించే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా మారుతుంది కాబట్టి మట్టిబాట మీద ఫోర్ వీల్ వేయించి చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. ఇనుము, లేత్, కూలీ అన్నీ కలిపినా నేను కొన్న డ్యాంపర్ ధర కాలేదు.

మూడున్నరకి డిండి దారి పట్టాం. రెండువైపులా బత్తాయి తోటలు. 70లో బండి గీత గీసినట్టు పోతోంది. మలుపు తిరిగాక పట్టు కాస్త వదిలితే స్టీరింగ్ వేళ్ల మధ్య నుంచి జారుతూ తనే నడుమకి వస్తోంది. ఎదురు లారీ దాటినా నేను సరిచేయాల్సిన పని పడలేదు. డిండి జలాశయం కట్ట దగ్గర ఆపి తాళాలు బామ్మర్దికిచ్చాను. హాజీపూర్ దాకా అతనే తోలాడు. ఒక్క మాట మాట్లాడలేదు, కిటికీ అద్దం దించి పాట పాడుకుంటూ పోయాడు.

మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూస్తారు. మేం చీకటి పడకముందే చేరాం, అయినా ఘాట్ పొద్దున్నే దిగుదామని అక్కడే ఉండిపోయాం. "వంద కిలోమీటర్ల లోపల యూ బోల్టులు ఒక్కసారి మళ్ల బిగియ్, మర్చిపోకు" అన్న పెద్దాయన మాట గుర్తుంది. తెల్లారి ఆరింటికి ముందే లేచి, మంచుకు తడిసిన గడ్డి మీద గోనెసంచి పరుచుకుని బండి కింద దూరాను. ఎనిమిది నట్లలో మూడు ఇంకో పావు చుట్టు తీసుకున్నాయి.