ఐదు పాయింట్ తొమ్మిది

అందరూ పడుకున్నారు. నేనే నా రక్తపరీక్ష రిపోర్టు తెరవడం, మూయడం. హెచ్‌బీఏ1సీ అనే షుగర్ పరీక్షలో 5.9 అట, పక్కన ఎర్ర బాణం. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు మెట్టు, 6.5కి చేరితే షుగర్.

అంకెతో నాకు పేచీ లేదు, ఇంట్లోవాళ్లతోనే. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చిందో లేదో అత్తమ్మ నా కంచంలో అన్నం తీసేసి జొన్నరొట్టెలు పెట్టింది. జొన్నల్లో పిండిపదార్థం ఉండదా ఏంది? మరిది ఫోన్ చేసి కాకరకాయ రసం, నానబెట్టిన మెంతులు అని చదివాడు. మా ఆయనైతే పెరుగన్నం మూడోసారి కలుపుకుంటూ, "ఇకనుంచి నువ్వు నోరు కట్టుకోవాలి" అన్నాడు. ఆయన మాత్రం టెస్ట్ చేయించుకోలేదు. "నాకు షుగర్ లేదు కదా, నాకెందుకు?" అట. పరీక్ష చేయకుండానే లేదని ఎట్లా తెలిసిందో. ఆ పొట్ట చూస్తే సూది ముందు ఆయనకే గుచ్చాలి.

ఇక ఆ ల్యాబ్ వాళ్లు. కాలనీలో క్యాంపు పెట్టి ప్యాకేజీ అంటగట్టారు. ఫాస్టింగ్ ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు, ఇంకా ఏవేవో. ఏది ఎందుకో చెప్పే మనిషి లేడు. డాక్టర్‌ను సంప్రదించండి అని అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైన్. రోగం రాకముందే మనిషిని రోగిని చేసి భయాన్ని అమ్ముకుంటున్నారని కడిగేద్దామనే ఈ టపా మొదలుపెట్టాను.

రాస్తుంటే నాయిన యాదికొచ్చాడు. మునుగోడు దిక్కు మా ఊళ్లో, చేనులో పత్తికట్టె మోడు కాలి బొటనవేలికి గుచ్చుకుంది. పసుపు పెట్టారు, ఆకు పసరు పిండారు, ఆర్‌ఎంపీ సూదులేశాడు. పుండు మానదు. అంతకుముందు నుంచే నాయిన రాత్రుళ్లు లేచి చెంబులకు చెంబులు నీళ్లు తాగేవాడు. ఎండలకు దూప అనేది అమ్మ. చలికాలం వచ్చినా అదే మాట. మనిషి సన్నబడితే పని ఎక్కువై అనుకున్నాం. చివరికి నల్లగొండ తీసుకొచ్చి చూపిస్తే షుగర్ 400 పైన. "ఎన్నేండ్ల నుంచి ఉంది పెద్దాయనా?" అని డాక్టర్ అడిగితే నాయిన చేతులు కట్టుకుని, "నిన్ననే వచ్చింది సార్" అన్నాడు. నిన్ననే కదా పరీక్ష చేసింది! వేలు తీసేశారు. తర్వాత ఎవరడిగినా షుగర్ వచ్చిన తారీకు చెప్పేవాడు, పెళ్లిరోజు గుర్తులేని మనిషి.

భయం అమ్ముకుంటున్నారన్న మాట కొట్టేద్దామా అనుకున్నాను. ఉండనీ, ఆ ప్యాకేజీ వాళ్ల మీద కోపం ఇంకా ఉంది. కానీ ముందే తెలియడం మీద లేదు. ఫార్మసీ చదివే మా పెద్దది ఒక సంగతి చెప్పింది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ల పాత రక్తం నమూనాలు పరీక్షించి 2011లో ప్రచురించారట. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్అలనిన్ అనే అమైనో ఆమ్లాలు (మాంసకృత్తుల్లోని చిన్న ముక్కలు) రక్తంలో ఎక్కువున్నవాళ్లలో, షుగర్ మామూలుగా ఉన్నా సరే, తర్వాత 12 ఏళ్లలో డయాబెటిస్ వచ్చే ప్రమాదం ఎక్కువ. నాయిన "నిన్న" ఎంత వెనక మొదలైందో! అయితే మన డాక్టర్లు మామూలుగా రాసే పరీక్ష కాదది.

రిపోర్టులో ఇంకో సంగతి కూడా మా పెద్దదే చూపించింది. నా హిమోగ్లోబిన్ 9.6, అంటే రక్తం తక్కువ. దాని గురించి ఇంట్లో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. చక్కెర అంటుకునేది ఆ హిమోగ్లోబిన్‌కే. ఎర్రకణం 120 రోజుల దాకా బతుకుతుంది కాబట్టి ఈ హెచ్‌బీఏ1సీ పరీక్ష రెండు మూడు నెలల లెక్క చెబుతుంది. ఒంట్లో ఐరన్ తక్కువైతే అంకె ఉన్నదానికంటే పైకి చూపించవచ్చు. అంటే ఈ 5.9లో షుగర్ ఎంతో, రక్తం తక్కువ ఎంతో. అన్నం మాత్రం అప్పుడే తీసేశారు.

అట్లని నన్ను నేను వెనకేసుకు రావడానికీ లేదు. చెన్నై డయాబెటిస్ పరిశోధకులు మనవాళ్ల కోసం ఒక లెక్క తయారుచేశారు. వయసు, నడుం కొలత, ఒంటి శ్రమ, అమ్మానాన్నలకు షుగర్ ఉందా, అంతే. రక్తం బొట్టు అక్కర్లేదు. 100కి 60 వస్తే ప్రమాదం ఎక్కువ. నాకు సరిగ్గా 60. బళ్లో ఎప్పుడూ రాని ఫస్ట్ క్లాస్ ఇక్కడ వచ్చింది.

శనివారం ఒకపూట సెలవు పెట్టి, 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకు రక్తమిచ్చే పరీక్ష చేయించుకుంటా. 140 లోపుంటే నా అన్నం నాకిచ్చేయాలి. ఆయన్నీ లాక్కుపోతా. మగవాళ్లకు నడుం 90 సెంటీమీటర్లు దాటొద్దు, టేపు ఇప్పుడే తీసి పెట్టాను. రానంటే ఆదివారం మటన్ బంద్.