ఉప్పలపాడు, ఆటపాక: పొద్దున్నే వెళ్లొచ్చే పిట్టల చెరువులు

పిట్టల్ని చూడ్డానికి వెళ్తానంటే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, కెమెరా ఎంత పెట్టి కొన్నావ్ అని. కెమెరా తర్వాత చూసుకోవచ్చు అండి, ముందు ఒక మామూలు బైనాక్యులర్, ఒక టోపీ, నీళ్ల బాటిల్ ఉంటే చాలు. విజయవాడ, గుంటూరు వైపు వాళ్లకైతే అడవి దాకా కూడా పోనక్కర్లేదు, గుంటూరు పక్కనే ఉప్పలపాడు ఉంది కదా.

అది ఉత్త ఊరి చెరువే. ఇళ్లు, గేదెలు, బళ్ల హారన్లు అన్నీ పక్కనే, చెరువు మధ్యలో తుమ్మ చెట్లు, వాటి నిండా గూడబాతులు (అవే పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, అన్నీ ఒకేచోట కాపురం. వాసన మాత్రం గట్టిగానే ఉంటుంది, ముందే చెప్తున్నా 😅

అక్కడికెళ్లి చెరువు చుట్టూ తిరిగేకంటే ఒకే చెట్టు పట్టుకుని గంటసేపు కూర్చోండి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి తింటుంది, మొదటిసారి చూస్తే మింగేసిందేమో అని భయమేస్తుంది. పక్క కొమ్మ మీద ఎర్రకాళ్ల కొంగది ఇంకో పద్ధతి, తెచ్చిన చేపలన్నీ గూట్లోనే కక్కేస్తుంది, పిల్లలు ఏరుకుని తినాలి. ఎండ ముదిరితే అదే తల్లి రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పట్టుకుని నిలబడుతుంది. అలాగే నత్తగుల్ల కొంగ కనిపిస్తే ముక్కు గమనించండి, పెద్దవాటికి ముక్కు మధ్యలో సందు ఉంటుంది, పిల్లలకి ఉండదు.

రెండోది కైకలూరు దగ్గర ఆటపాక, కొల్లేరు అంచున. ఇక్కడ గూడబాతులు ఇనప స్టాండ్ల మీద గూళ్లు కడతాయి, చెట్లు ఎండిపోయి పడిపోతుంటే అటవీ శాఖ వాళ్లు పెట్టించారు. ఫొటోలు తీసేవాళ్లు ఇనుము కనపడుతోందని గొణుగుతారు గానీ పక్షులకి లేని బాధ మనకెందుకో. కొల్లేరుని 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా) చేరింది, అయినా దారి పొడుగునా చేపల చెరువులే, వాటి మీద వాలే పక్షుల్ని తోలడానికి టపాసులు కూడా పేలుస్తారు. చేపలు పోతే నష్టం రైతుదే కాబట్టి వాళ్లని ఒక్కమాటలో తిట్టేయలేను, కానీ బోట్లో కూర్చున్నప్పుడు ఆ చప్పుడు వింటే మనసు పాడవుతుంది.

నాకు అసలు కోపం వచ్చేది చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపేవాళ్ల మీద. ఎగిరే ఫొటో కావాలట! తల్లి లేచిన ఆ రెండు నిమిషాల్లో కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి, ఎండలో పిల్లలు మాడిపోతాయి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అయితే బావుంటుంది, తెల్లారేసరికి అక్కడుండాలి, తొమ్మిది దాటితే ఎండకి మనమే కూర్చోలేం. రెండూ ఒకే రోజు పెట్టుకోకండి, ఒకటి అటు ఒకటి ఇటు, కారులోనే సగం రోజు పోతుంది. నెల్లూరు వైపు పిట్టల చెరువు నేలపట్టు గురించి ఎప్పుడు రాస్తావని అడుగుతున్నారు, అది విజయవాడ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే దూరం కాదు, అటు వెళ్తే పక్కనున్న పులికాట్ సరస్సు కూడా కలిపి రెండ్రోజులు పెట్టుకోవాలి, సెలవు దొరకాలి ముందు.