మొదటి పది సెకన్లు: వారియర్ ట్యాంక్ రేజ్ లెక్క

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆట తొలినాటి రూపాన్ని తిరిగి తెచ్చిన క్లాసిక్ 2019 ఆగస్టులో మొదలైనప్పుడు నేను వారియర్ (యోధుడి) పాత్రను ఎంచుకున్నాను. చాలా వారాల పాటు రెండో ట్యాంక్‌గానో మూడో ట్యాంక్‌గానో ఒక మూల నిలబడి చిన్న రాక్షసులను పట్టుకోవడమే నా పని. ట్యాంక్ అంటే రాక్షసులను తన వైపు తిప్పుకుని జట్టును కాచేవాడు. ఒక రాత్రి మా గిల్డ్ (కలిసి ఆడే బృందం) ప్రధాన ట్యాంక్ రాలేకపోవడంతో మోల్టెన్ కోర్ అనే రైడ్‌లో (పెద్ద జట్టు కలిసి చేసే దాడిలో) నలభై మందికి ముందు నిలబడే బాధ్యత నా మీద పడింది. మొదటి బాస్ లూసిఫ్రాన్ మీదికి ఉత్సాహంగా దూకాను. కవచాన్ని చీల్చే సండర్ ఆర్మర్ దెబ్బ మొదటిది తగలలేదు, రెండోదానికి రేజ్ (దెబ్బలు వేయడానికి ఖర్చయ్యే వారియర్ ఇంధనం) చాలలేదు, ఎనిమిదో సెకనులో బాస్ నన్ను దాటుకుని వెళ్ళి మా మేజ్‌ను (మంత్రగాణ్ణి) పడగొట్టాడు. తాను రెండే ఫ్రాస్ట్‌బోల్ట్ మంత్రాలు వేశానని ఆయన మొర పెట్టుకున్నాడు. ఆయన మాట నిజమే, తప్పు నాది. ఆ రాత్రి తర్వాతే ట్యాంకింగ్ అంటే దెబ్బలు ఓర్చుకోవడం అన్న నా అభిప్రాయం మారింది. దెబ్బలు ఓర్చుకునే పని చాలావరకు కవచమూ, గాయాలు మాన్పే హీలర్లూ చూసుకుంటారు. ట్యాంక్ సొంత తెలివితో చేయవలసినది రేజ్‌ను ఎప్పుడు, దేని మీద ఖర్చు పెట్టాలో నిర్ణయించడం.

ముందుగా థ్రెట్ సంగతి చెప్పాలి. ప్రతి రాక్షసుడి దగ్గరా కంటికి కనిపించని ఒక చిట్టా ఉంటుందనుకోండి. ఎవరు ఎంత దెబ్బ కొట్టారో, ఎవరు ఎంత హీల్ చేశారో అందులో థ్రెట్ పేరుతో ఎక్కుతూ ఉంటుంది, అందులో మొదటి స్థానంలో ఉన్నవారినే రాక్షసుడు కొడతాడు. ఒక పాయింటు దెబ్బకు ఒక పాయింటు థ్రెట్, ఒక పాయింటు హీల్‌కు అర పాయింటు థ్రెట్. ఆ హీల్ థ్రెట్ కూడా పోరులో ఉన్న రాక్షసులందరికీ సమానంగా పంచబడుతుంది. వారియర్‌కు మూడు స్టాన్స్‌లు (పోరాడే భంగిమలు) ఉంటాయి, వాటిలో డిఫెన్సివ్ స్టాన్స్‌లో ఉంటే అతడి థ్రెట్ 1.3 రెట్లు అవుతుంది, డిఫయన్స్ అనే టాలెంట్‌లో (లెవెల్ పెరిగేకొద్దీ వచ్చే పాయింట్లతో ఎంచుకునే నైపుణ్యంలో) ఐదు పాయింట్లూ పెడితే దాదాపు ఒకటిన్నర రెట్లకు చేరుతుంది. మిగతా రెండు స్టాన్స్‌లలో అది 0.8కి పడిపోతుంది. అంటే ఒకే దెబ్బ విలువ స్టాన్స్‌ను బట్టి దాదాపు రెండింతలు మారిపోతుందన్నమాట. కొత్త ట్యాంక్‌లు బ్యాటిల్ స్టాన్స్‌లో చార్జ్ చేసి (శత్రువు మీదికి దూసుకెళ్ళి), స్టాన్స్ మార్చడం మరచిపోయి, బాస్ ఎందుకు నిలవడం లేదని తికమకపడటం నేను చాలాసార్లు చూశాను.

చిట్టాలో మొదటి స్థానం చేజారడానికి కూడా ఒక హద్దు ఉంది. రాక్షసుడికి దగ్గరగా నిలబడి కొట్టేవారు ట్యాంక్ థ్రెట్‌లో 110 శాతం దాటితేనే అతడు వారి వైపు తిరుగుతాడు, దూరం నుంచి కొట్టేవారు 130 శాతం దాటాలి. పోరు నడుస్తున్నప్పుడు ఈ వెసులుబాటు పెద్ద అండగా ఉంటుంది, కానీ మొదటి పది సెకన్లలో దానికి విలువే లేదు. అప్పటికి ట్యాంక్ ఖాతాలో ఉన్నదే కొంచెం, దానికి 130 శాతం అంటే ఒక్క క్రిటికల్ (మామూలుకంటే చాలా గట్టిగా తగిలే) ఫ్రాస్ట్‌బోల్ట్‌తో సరి. అందుకే అనుభవమున్న రైడ్ లీడర్లు మూడు సండర్లు పడేదాకా ఎవ్వరూ చేయి కదపవద్దని గట్టిగా చెబుతారు. ఆ మాట వినని వారు ప్రతి రైడ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వారి కోసం కూడా ట్యాంక్ సిద్ధపడి ఉండాలి.

ఆ సిద్ధపాటు బాస్ దగ్గరికి వెళ్ళకముందే మొదలవుతుంది. బ్లడ్‌రేజ్ కొంత ప్రాణం తీసుకుని వెంటనే పది రేజ్, తర్వాత పది సెకన్లలో మరో పది రేజ్ ఇస్తుంది. దాన్ని బాస్‌ను తాకడానికి ఒకటి రెండు సెకన్ల ముందు నొక్కితే మొదటి దెబ్బకే చేతిలో పెట్టుబడి ఉంటుంది. తాకిన తర్వాత నొక్కితే ఆ మొదటి క్షణాలు ఖాళీగా పోతాయి. చార్జ్‌తో మొదలుపెట్టే పద్ధతి ఆకర్షణీయంగా ఉంటుంది, కాని స్టాన్స్ మార్చగానే రేజ్ పోతుంది. టాక్టికల్ మాస్టరీలో ఐదు పాయింట్లు ఉంటే 25 వరకు మిగులుతుంది. ఆ టాలెంట్ లేని వారియర్ చార్జ్ చేసి స్టాన్స్ మార్చాడంటే, చేతిలో ఉన్నదంతా గుమ్మంలోనే పారబోసుకుని లోపలికి వెళ్ళినట్టే.

పోరు మొదలయ్యాక ఖర్చు వరుస గురించి నా అనుభవం ఇది. అన్నింటికంటే చవకైన బేరం రివెంజ్. బాస్ దెబ్బను డాడ్జ్ (తప్పించుకోవడం), ప్యారీ (ఆయుధంతో అడ్డుకోవడం) లేదా బ్లాక్ (డాలుతో ఆపడం) చేసిన తర్వాత ఐదు రేజ్‌కే అందుబాటులోకి వస్తుంది, అది వెలిగిందంటే మరో ఆలోచన అక్కరలేదు. ఇరవై రేజ్ తీసుకునే షీల్డ్ స్లామ్, ఆ టాలెంట్ ఉన్నవారికి, ఆరు సెకన్లకోసారి వాడుకోదగినది. సండర్ ఆర్మర్ బాస్ కవచాన్ని తగ్గిస్తుంది, ఒకదానిపై ఒకటి ఐదు వరకు పేరుకుంటుంది. ఐదు పడిన తర్వాత ఇక దానితో పని లేదని చాలామంది పొరబడతారు. కవచం అంతకంటే తగ్గకపోయినా, ప్రతి సండర్ స్థిరమైన థ్రెట్‌ను చిట్టాలో వేస్తూనే ఉంటుంది, చివరి ర్యాంకులో అది స్టాన్స్ లెక్క కలపకముందే 260 దాకా ఉంటుంది. హీరోయిక్ స్ట్రైక్ మాత్రం మిగులు రేజ్‌కే. అది మామూలు కత్తి దెబ్బ స్థానంలో పడుతుంది కాబట్టి, దాని ఖర్చుతో పాటు ఆ దెబ్బకు రావలసిన రేజ్ కూడా పోతుంది. రేజ్ నిండుగా ఉన్నప్పుడు అది వరం, యాభై కంటే తక్కువ ఉన్నప్పుడు అలవాటుగా నొక్కితే అదే దుబారా.

ఇక్కడ వారియర్‌కు ఎదురయ్యే ఒక విచిత్రమైన చిక్కు ఉంది. రేజ్ రెండు దారుల్లో వస్తుంది, మనం కొట్టిన దెబ్బ నుంచి ఒకటి, మనం తిన్న దెబ్బ నుంచి రెండోది. అరవయ్యో లెవెల్‌లో వెయ్యి పాయింట్ల దెబ్బ తింటే సుమారు పదకొండు రేజ్ వస్తుంది. కవచం మెరుగయ్యేకొద్దీ తినే దెబ్బ తగ్గుతుంది, దెబ్బ తగ్గితే రేజ్ తగ్గుతుంది, రేజ్ తగ్గితే థ్రెట్ తగ్గుతుంది. అదే సమయంలో మన వెనుక ఉన్న మేజ్‌లు, దగ్గర నుంచి పొడిచే రోగ్‌లు కొత్త ఆయుధాలతో మరింత గట్టిగా కొడుతూ ఉంటారు. నేను ఎంతో ఇష్టపడి సంపాదించుకున్న బరువైన డాలు, సులభమైన బాస్‌ల దగ్గర నా చేతులు కట్టేసింది. క్లాసిక్‌లో చాలామంది ట్యాంక్‌లు డాలు పక్కన పెట్టి రెండు ఆయుధాలు పట్టి, దెబ్బ పెంచే ఫ్యూరీ టాలెంట్లతో నిలబడటానికి మూలకారణం ఇదే. హీలర్లు బలంగా ఉండి బాస్ దెబ్బ తేలికగా ఉన్న చోట ఆ పద్ధతి గొప్పగా పనిచేస్తుంది. అయినా నా మట్టుకు నేను డాలును పూర్తిగా వదిలేయడాన్ని ఇష్టపడను. ఆయుధాన్నీ డాలునూ ఒకే మీటతో మార్చుకునే మాక్రో (ఆదేశాల చిన్న జాబితా) ఒకటి వేలి కింద ఉంచుకుని, ఏ క్షణానికి ఏది కావాలో అది తీయడమే మేలు.

టాంట్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇంతగా అపార్థానికి గురైన మీట మరొకటి లేదు. టాంట్ కోపం తెప్పించే దెబ్బ కాదు, అప్పు తీర్చే సాధనం. చిట్టాలో అందరికంటే పైన ఉన్న వ్యక్తికి ఎంత థ్రెట్ ఉందో అంత థ్రెట్‌ను మనకు ఇచ్చి, రాక్షసుణ్ణి మూడు సెకన్లు మన వైపు తిప్పుతుంది. అప్పటికే మొదటి స్థానంలో మనమే ఉంటే దానివల్ల వచ్చేది ఏమీ లేదు, పైగా నిజంగా అవసరమైన క్షణంలో అది పది సెకన్ల విరామంలో చిక్కుకుని ఉంటుంది. ఇంకొక సంగతి, టాంట్ ఇచ్చిన ఆ మూడు సెకన్లు మనకు దొరికిన గడువు మాత్రమే. అందులో షీల్డ్ స్లామ్ గానీ సండర్ గానీ వేయకపోతే, రోగ్ మరో రెండు పోట్లతో మళ్ళీ ముందుకు వెళ్ళిపోతాడు. కాబట్టి టాంట్ నొక్కేటప్పుడు చేతిలో కనీసం ఇరవై రేజ్ ఉండేలా చూసుకోవడం మంచిది. మాకింగ్ బ్లో అయితే రాక్షసుణ్ణి కొద్దిసేపు మన వైపు తిప్పుతుంది కానీ చిట్టాలో మన స్థానాన్ని పైవారితో సమానం చేయదు. టాంట్‌కు లొంగని బాస్‌లూ ఉన్నారు, వారి దగ్గర ముందుచూపే ఆధారం.

రక్షణ విషయానికి వస్తే, మన గరిష్ఠ లెవెల్ 60, రైడ్ బాస్‌లను ఆట 63వ లెవెల్ వారిగా లెక్కిస్తుంది. అటువంటి బాస్ మన మీద క్రిటికల్ దెబ్బ వేయకుండా ఉండాలంటే డిఫెన్స్ 440 ఉండాలి. కాని మూడు లెవెల్‌ల తేడా వల్ల క్రషింగ్ బ్లో అనే మరో ప్రమాదం ఉంటుంది, అది మామూలు దెబ్బకు ఒకటిన్నర రెట్లు. దీన్ని డిఫెన్స్ ఆపలేదు. షీల్డ్ బ్లాక్ నొక్కితే బ్లాక్ అవకాశం 75 శాతం పెరిగి, దెబ్బ ఎలా తగలాలో ఆట నిర్ణయించే పట్టికలో క్రషింగ్ బ్లోకు చోటు లేకుండా పోతుంది, అయితే ఆ రక్షణ ఒక దెబ్బకే, టాలెంట్ ఉంటే రెండు దెబ్బలకు. పది రేజ్ పెట్టి ఐదు సెకన్లకోసారి దీన్ని నొక్కాలా, ఆ రేజ్‌ను థ్రెట్‌కు వాడాలా అన్నది బాస్‌ను బట్టి, హీలర్ల దగ్గర మిగిలిన మానాను (మంత్రాలకు ఖర్చయ్యే శక్తిని) బట్టి మారుతూ ఉంటుంది. లాస్ట్ స్టాండ్, షీల్డ్ వాల్ వంటి ఆపద్ధర్మ మీటలు మాత్రం హీలర్లకు ముందే చెప్పి వాడాలి. షీల్డ్ వాల్ పది సెకన్ల పాటు దెబ్బను 75 శాతం తగ్గిస్తుంది, కాని మళ్ళీ అరగంట దాకా దొరకదు. చెప్పకుండా వాడితే ఆ పది సెకన్లూ హీలర్లు అవసరం లేని మానాను ధారపోస్తారు.

నిలబడే చోటు గురించి ఎంత చెప్పినా తక్కువే. బాస్ ముఖం ఎప్పుడూ రైడ్‌కు ఎదురుగా ఉండకూడదు, ఎందుకంటే ముందువైపు ఉన్నవారందరినీ తాకే దెబ్బలు చాలామంది బాస్‌లకు ఉంటాయి. ముందు నిలబడి కొట్టేవారి దెబ్బలను బాస్ ప్యారీ చేస్తే, అతడి తరువాతి దెబ్బ త్వరగా పడి అది ట్యాంక్ నెత్తిమీదికే వస్తుంది. ఓనిక్సియా వంటి డ్రాగన్‌కు ముందు అగ్ని శ్వాస, వెనుక తోక దెబ్బ ఉంటాయి కాబట్టి మిగతావారంతా పక్కలకే చేరాలి. డ్రాగన్‌ను కదిలించకుండా పట్టుకోవడం ట్యాంక్ పని, అవసరం లేని ఒక్క అడుగు వేసినా తోక తిరిగి పది మందిని ఎగరగొడుతుంది. మధ్యలో గాలిలోకి ఎగిరే ఓనిక్సియా 40 శాతం ప్రాణం దగ్గర మళ్ళీ నేలకు దిగిన తర్వాత భయపెట్టే గర్జన మొదలవుతుంది. అప్పుడు బెర్సర్కర్ స్టాన్స్‌కు మారి, భయానికి లొంగకుండా చేసే బెర్సర్కర్ రేజ్ నొక్కి, వెంటనే డిఫెన్సివ్ స్టాన్స్‌కు తిరిగి రావాలి. మధ్యలో గడిపే ఆ ఒకటి రెండు సెకన్లలో దెబ్బ పది శాతం ఎక్కువగా పడుతుంది. వేళ్ళకు అలవాటయ్యేదాకా నేను దీన్ని రైడ్ లేని రోజుల్లో ఊరికే సాధన చేసేవాణ్ణి.

బ్లాక్‌వింగ్ లేయర్ అనే తరువాతి రైడ్‌కు వెళ్ళాక ఒక్క ట్యాంక్ తెలివి చాలదని అర్థమవుతుంది. అక్కడి బాస్ వేలాస్ట్రాజ్ దగ్గర మొదటి మూడు నిమిషాలు అందరికీ రేజ్, మానా, ఎనర్జీ తరగవు కాబట్టి ఇంతవరకు చెప్పిన పొదుపంతా పక్కన పెట్టి హీరోయిక్ స్ట్రైక్‌ను ఎడతెరిపి లేకుండా కొట్టవచ్చు. కాని 45 సెకన్లకోసారి బాస్ ఎదుట ఉన్న ట్యాంక్‌పై బర్నింగ్ అడ్రినలిన్ అనే మంత్రం పడి, ఇరవై సెకన్లలో అతడు తప్పకుండా చనిపోతాడు. అతడు పడిపోయే వేళకు చిట్టాలో రెండో స్థానంలో తరువాతి ట్యాంకే ఉండాలి, మధ్యలో ఒక రోగ్ ఉంటే రైడ్ అక్కడితో ముగిసినట్టే. మరో బాస్ ఎబన్‌రాక్ దగ్గర శాపం పడిన ట్యాంక్‌ను కొట్టిన ప్రతిసారీ బాస్ ప్రాణం పెరుగుతుంది కాబట్టి శాపం లేని ట్యాంక్ వెంటనే టాంట్ చేసి లాగాలి. ఇక్కడ టాంట్‌ను ముందే వృథా చేసుకున్నవాడి దోషం అందరి ముందూ బయటపడుతుంది.

నాకు బాగా గుర్తుండిపోయిన పొరపాటు మాత్రం మీటలకు సంబంధించినదే కాదు. ఒక రాత్రి గంటసేపు ఏ బాస్‌నూ పట్టి ఉంచలేకపోయాను. రేజ్ సరిగ్గానే ఉంది, వరుస సరిగ్గానే ఉంది, అయినా ప్రతి పోరులో ఎవరో ఒకరు నన్ను దాటిపోతున్నారు. చివరికి ఒక పాలడిన్ (దీవెనలు ఇచ్చే పాత్ర) వారియర్లందరికీ ఒకేసారి గ్రేటర్ బ్లెస్సింగ్ ఆఫ్ సాల్వేషన్ వేశాడని, అది నా మీద కూడా పడి థ్రెట్‌ను 30 శాతం కోసేస్తోందని తేలింది. తెర పైమూలలో ఆ చిన్న బొమ్మ గంట నుంచీ నా కళ్ళ ముందే ఉంది. అప్పటి నుంచి నా షీల్డ్ స్లామ్ మాక్రోలోనే సాల్వేషన్‌ను తొలగించే ఒక వాక్యం చేర్చుకున్నాను.

అసలు ఆట తరువాతి విస్తరణల్లో ఈ పొదుపు చాలావరకు అక్కరలేకుండా పోయింది. 2011లో ఆట తయారీదారులు ట్యాంక్‌ల థ్రెట్‌ను వారి దెబ్బకు ఐదు రెట్లకు పెంచేశారు, ఆ తర్వాత ట్యాంక్ దృష్టి అంతా తన మీద పడే దెబ్బను సమయానికి తగ్గించుకోవడం మీదికి మళ్ళింది. అదీ నైపుణ్యమే, కాదనను. అయినా నా మనసు పాత పద్ధతి వైపే మొగ్గుతుంది. మేజ్ తన తరువాతి ఫ్రాస్ట్‌బోల్ట్‌ను ఒక్క క్షణం ఆపి నా సండర్ కోసం ఎదురుచూడటం, ఆ సండర్ తగిలిందని థ్రెట్ మీటర్‌లో చూసి మళ్ళీ మొదలుపెట్టడం, ఇద్దరి మధ్య మాట లేకుండా నడిచే ఆ ఒప్పందం కోసమే ఇప్పటికీ వారానికి ఒకసారి ఆ పాత డాలు తీస్తున్నాను.